అంగడికి ముందు నడచు ప్రశ్న

మనుష్యుడు క్రొత్త వస్తువునొకదానిని కొనుటకు పూర్వము దానిని గూర్చి ఎవరినో ఒకరిని అడుగుట లోకసహజము. ఆ ప్రశ్న ఒకప్పుడు పొరుగింటి ప్రహరీగోడ దగ్గరనో, రచ్చబండమీదనో, కిరాణాకొట్టు బల్ల ముందరనో పుట్టి, సమాధానము దొరకినంతనే గాలిలో కలిసిపోవుచుండెను. అడిగినవాడు దానిని మరచును, చెప్పినవాడును మరచును, ఆ వారము ఊరిలో ఎంతమంది ఆ ప్రశ్ననే అడిగిరో లెక్కించు నాథుడు లేడు. కొట్టువాడొక్కడు మాత్రము, "ఆ సబ్బు ఉన్నదా" యని ముగ్గురు నలుగురు అడిగిపోయినపిమ్మట, సరుకునకై పట్నము వెళ్లినపుడు ఆ సబ్బునొక పెట్టె తెచ్చి బల్లపై నుంచెడివాడు. ఇప్పుడా ప్రశ్నలలో పెద్దభాగము అరచేతిలోని ఫోనును అడుగుచున్నారు. అడిగినవాడు మరచినను, ఫోను వెనుకనున్న యంత్రము మరువదు. కోట్లకొలది జనులు దినదినమును వేయుచున్న ఈ ప్రశ్నలను రాశిగా పోసి, రేపు దేనికి గిరాకీ పుట్టునో నేడే పసిగట్టవచ్చునను ఆశ గడచిన ఇరువది సంవత్సరములలో ఒక చిన్న శాస్త్రముగా రూపుదాల్చినది. వర్తకులు దానిని అమితముగా నమ్ముచున్నారు. సంఖ్యాశాస్త్రవేత్తలు కొంత వెనుదీయుచున్నారు. ఉభయులకును తగిన కారణములు కలవు.

ఆలోచన మాత్రము ఇంటర్నెట్టుతో పుట్టినది కాదు. 1982లో అమెరికాయందు ‘మెగాట్రెండ్స్’ అను గ్రంథమును వెలువరించి విశేషఖ్యాతి గడించిన జాన్ నైస్‌బిట్, దేశమందలి స్థానిక వార్తాపత్రికలను చదివించి, వానిలో ఏ విషయమునకు ఎంత స్థలము దొరకుచున్నదో కొలిపించి, ఆ కొలతలనుండి సమాజము ఏ దిక్కునకు తిరుగుచున్నదో ఊహించెడివాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రుదేశపు ఊళ్ల పత్రికలను చదివి అక్కడి ప్రజలస్థితిని గ్రహించిన గూఢచారి శాఖల పద్ధతియే దీనికి మూలమని ఆయన వివరించెను. పత్రికలో వార్తలకు మిగులు స్థలము పరిమితము గనుక, ఒక క్రొత్త విషయము లోనికి రావలెనన్న పాత విషయమొకటి బయటికి పోకతప్పదు. అట్లు వచ్చినదానిని పోయినదానిని చూచినచో సంపాదకుని ఇష్టానిష్టములతో నిమిత్తము లేకుండ సంఘముయొక్క దృష్టి ఎటు మరలినదో తెలియునని ఆయన వాదము. ఈ వాదమును పాఠకులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన, నేటి శోధనాసంఖ్యల, అనగా ఫోనునడిగిన ప్రశ్నల లెక్కల, నిర్మాణమును సరిగా ఇట్టి వంతుల లెక్కమీదనే నిలిచియున్నది. రెండవ మార్గము, నేరుగా పోయి జనులను అడుగుట. 1946నుండి మిషిగన్ విశ్వవిద్యాలయమున జార్జి కటోనా నెలకొల్పిన వినియోగదారుల సర్వేయు, మన రిజర్వు బ్యాంకు హైదరాబాదు మున్నగు నగరములలో చేయించుచున్న సర్వేయు ఈ కోవలోనివి. అడిగించుకొన్నవాడు తన మనస్సులోని మాట చెప్పునో, ఎదుటివాని ముందు పరువు నిలుచు మాట చెప్పునో నిర్ణయించుట కష్టము. అర్ధరాత్రివేళ ఒంటరిగా కూర్చుండి ఫోనును అడుగువానికి ఆ మొగమాటముండదు. శోధనాసంఖ్యల బలమంతయు ఇక్కడ నున్నది.

గూగుల్ సంస్థ తన శోధనల పోకడను ‘గూగుల్ ట్రెండ్స్’ అను పేర 2006 మే నెలలో లోకమునకు తెరచి చూపెను. 2004 జనవరినుండి నేటివరకు ఏ మాట ఏ దేశమున, ఏ రాష్ట్రమున ఎట్లు వెదకబడినదో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. అందు కనబడు అంకె శోధనల సంఖ్య కాదని గ్రహించినవారు మాత్రము అరుదు. ఒక ప్రాంతమున ఒక కాలమున జరిగిన సమస్త శోధనలలో ఆ మాటకు సంబంధించినవి ఎన్నవ వంతో మొదట కట్టి, అట్లు వచ్చిన వంతులలో అన్నింటికంటె పెద్దదానిని 100గా నిర్ణయించి, తక్కినవానిని ఆ నిష్పత్తిలో కుదించి చూపుదురు. కాబట్టి 50 అనగా ఏబదిమంది అడిగిరని కాదు. ఆ మాట తన శిఖరదశలో పొందిన వంతులో సగము పొందినదని మాత్రమే అర్థము. సున్న యన్నను ఎవరును అడుగలేదని కాదు. లెక్కకు తగినంతమంది అడుగలేదనియే. పైగా ఇది సమస్త శోధనలనుండి తీసిన ఒక మచ్చునుబట్టి కట్టిన లెక్క యగుటచే, కొద్దిమంది మాత్రమే వెదకు మాటల విషయమున నేడు తీసిన రేఖయు రేపు తీసిన రేఖయు అచ్చముగా ఒకటి కావు. శ్రద్ధగల పరిశోధకులు ఒకే ప్రశ్నను పలుదినములు వేసి, వచ్చిన రేఖల సగటును గైకొందురు. తొందరగల సలహాదారులు ఒక్క రేఖను పటముకట్టి సభలో చూపుదురు.

వంతుల లెక్కలో మరియొక చిక్కు కలదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టును చౌక చేసినపిమ్మట మన పల్లెలలో కోట్లమంది క్రొత్తగా శోధకులైరి. వారి ప్రశ్నలు వేరు, అంతకుముందున్న వారి ప్రశ్నలు వేరు. అందుచేత పాతవారికి ఇష్టమైన ఒక వస్తువును గూర్చి అడుగువారి సంఖ్య నిజముగా పెరిగినను, మొత్తములో దాని వంతు తగ్గి రేఖ క్రిందికి దిగవచ్చును. 2004లో శోధించినవారిలో చదువరులును యంత్రజ్ఞులును అధికముగా నుండిరి. తరువాత లోకమంతయు వచ్చి చేరెను. అప్పటినుండి ‘సైన్సు’ అను మాట వంతు తగ్గుచు వచ్చుటను చూచి జనులకు విజ్ఞానమునందు ఆసక్తి నశించినదని వాపోవుట తెలివిగాదు.

ఋతువుల సంగతి అందరికిని తెలిసినదే. ఎండలు ముదురగనే కూలర్లను గూర్చియు, మామిడికాయలు రాగానే ఆవకాయ కొలతలను గూర్చియు ప్రశ్నలు లేచును. దానిని చూచి క్రొత్త ధోరణి పుట్టినదని భ్రమపడువాడు ఉండడు. పోల్చవలసినది పోయిన నెలతో కాదు, పోయిన సంవత్సరపు ఈ నెలతో. ఐనను మన దేశమునకు ఈ సూత్రమును యథాతథముగా అన్వయించినచో అపాయమే. మన పండుగలు తిథులను అనుసరించునుగాని ఇంగ్లీషు తేదీలను కాదు. 2022లో దీపావళి అక్టోబరు 24న వచ్చెను. 2023లో అధిక శ్రావణము పడుటచే నవంబరు 12నకు జరిగెను. అక్టోబరును అక్టోబరుతో పోల్చు విదేశీయ సూత్రము ప్రకారము 2023లో భారతీయులకు దీపములమీదను, మిఠాయిలమీదను, క్రొత్త బట్టలమీదను మనసు విరిగినట్లు తేలును! పంచాంగము తెలియని గణితము ఇక్కడ పనికిరాదు.

ఋతుభేదమును సవరించి చూచినపుడు కొన్ని విశేషములు బయటపడును. శోధనాసంఖ్యలను పరిశీలించుటయే వృత్తిగా గల బిల్ టాన్సర్ అను ఆయన 2008లో ప్రకటించిన గ్రంథమున ఇట్టిదొకటి కలదు. అమెరికాలో ఉన్నతపాఠశాలల విద్యార్థినులు చదువు ముగియువేళ, వసంతాంతమున జరుగు నృత్యోత్సవమునకు ప్రత్యేకమైన దుస్తులు కొనుట ఆచారము. ఉత్సవము వసంతమున గనుక గిరాకీయు వసంతముననే యుండునని వర్తకులు ఊహించిరి. శోధనలు మాత్రము జనవరిలోనే శిఖరము నందుకొనుచుండెను. ఆ దుస్తుల బొమ్మలతో నిండిన ప్రత్యేకసంచికలు చలికాలముననే వెలువడుటయు, బాలికలు వానిని చూచి నాటినుండియే వెదకనారంభించుటయు దానికి కారణములు. మనసు జనవరిలో నిశ్చయించుకొన్నపిదప మార్చిలో అంగడి అలంకరించిన వర్తకుడు మూడవవంతు బేరమును ముందే పోగొట్టుకొనెనో, సగమే పోగొట్టుకొనెనో చెప్పలేముగాని, అతడు ఆలస్యముగా మేలుకొనెననుటలో సందేహము లేదు. శోధనాసంఖ్యలు చేయగల మేలులో ఉత్తమమైనది ఇట్టిదేనని నా అభిప్రాయము: ఎవరును ఎరుగని వస్తువును కనిపెట్టి చూపుట కంటె, అందరును ఎరిగిన వస్తువునకు మనసు కదలు కాలము ఎప్పుడో చెప్పుట వానికి సులభము.

ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ విషయమున మొదటినుండియు వినయము చూపిరి. అప్పుడు గూగుల్ సంస్థకు ప్రధాన ఆర్థికశాస్త్రజ్ఞుడుగా నుండిన హాల్ వేరియన్, తన సహోద్యోగి హ్యున్‌యంగ్ చోయితో కలిసి 2009లో వ్రాసిన పత్రమున, శోధనలచేత భవిష్యత్తును చెప్పగలమనలేదు, వర్తమానమును చెప్పగలమనెను. వినుటకు హాస్యముగా నున్నను ఇది గంభీరమైన మాట. ఒక నెలలో ఎన్ని మోటారుకార్లు అమ్ముడుపోయినవో ప్రభుత్వపు లెక్క తేలుసరికి ఆ నెల గడచి కొన్ని వారములగును. శోధనల లెక్క ఆ నెలలోనే దొరకును. అనగా జరుగుచున్నదానిని జరుగుచుండగనే ఎరుగుట. పాత అమ్మకముల లెక్కలతోను ఋతుభేదముతోను కట్టిన సామాన్య సూత్రములకు శోధనల అంకెలను చేర్చినచో, కారులు, విహారయాత్రలు, నిరుద్యోగభృతి దరఖాస్తులు మున్నగు విషయములలో అంచనా 5నుండి 20 శాతమువరకు మెరుగుపడినదని వారు చూపిరి. 2011లో ఇంగ్లండు బ్యాంకు పరిశోధకులును తమ దేశపు నిరుద్యోగమును, ఇండ్ల వెలలను ఈ విధముగా పరీక్షించి, ప్రయోజనము కలదని వ్రాసిరి. 5నుండి 20 శాతము! పత్రికలలో ఊదరగొట్టబడిన అద్భుతముతో పోల్చినచో ఇది స్వల్పము. కోట్ల రూపాయల సరుకు గోదాములో నుంచు వర్తకునికి ఇదియే పెన్నిధి.

అద్భుతమును ఆశించినవారికి ఏమి జరిగెనో చెప్పుటకు ఫ్లూజ్వరపు కథను మించినది లేదు. అది అంగడికి సంబంధించినది కాకపోయినను, అంగడిని చదువగోరు ప్రతివాడును చదువదగినది. అమెరికాలో ఫ్లూజ్వరము ఎంత వ్యాపించినదో అక్కడి వ్యాధినియంత్రణ కేంద్రము వైద్యులనుండి లెక్కలు తెప్పించి ప్రకటించుటకు ఒకటి రెండు వారములు పట్టును. 2008 నవంబరులో గూగుల్ పరిశోధకులు ‘ఫ్లూ ట్రెండ్స్’ అను సాధనమును నెలకొల్పి, ఒక్కదినపు ఆలస్యముతో ఆ లెక్కను చెప్పగలమనిరి. 2009 ఫిబ్రవరిలో వారి పత్రము ‘నేచర్’ పత్రికయందు వెలువడెను. వారు చేసినదేమనగా, జనులు తరచుగా వెదకు 5 కోట్ల శోధనలను ఒక్కొక్కటిగా వ్యాధినియంత్రణ కేంద్రపు పాత లెక్కలతో సరిపోల్చి, వానితోపాటు హెచ్చుచు తగ్గుచు వచ్చిన 45 శోధనలను ఏరి, వానిమీద సూత్రము కట్టిరి. లోపము ఇక్కడనే పొడసూపినది. 5 కోట్ల రేఖలలో వెదకినచో ఏ రేఖకైనను సరిపోలు రేఖలు కాకతాళీయముగా కొన్ని దొరకితీరును. పాఠశాలల బాస్కెట్‌బాలు ఆటలను గూర్చిన శోధనలును ఫ్లూజ్వరముతోపాటు చలికాలమున హెచ్చి, ఎండకాలమున తగ్గుచుండెను! అట్టివానిని పరిశోధకులు చేతితో ఏరి తీసివేసిరి. చేతికి దొరకని బాస్కెట్‌బాలులు లోపల ఎన్ని మిగిలినవో ఎవరికెరుక?

2009 వసంతమున అకాలముగా వచ్చిన పందిఫ్లూను ఆ సాధనము సరిగా పట్టుకొనలేకపోయెను, అది చలికాలమును కొలుచుచుండెనేగాని జ్వరమును కాదు గనుక. సూత్రమును సవరించిరి. 2012-13 చలికాలమున, పత్రికలును టెలివిజనులును ఫ్లూభయమును ప్రచారము చేయగా, ఆరోగ్యవంతులుకూడ లక్షణములను వెదకిరి. సాధనము చెప్పిన అంకె వాస్తవమునకు దాదాపు రెట్టింపాయెను. 2014లో డేవిడ్ లేజర్, గ్యారీ కింగ్ ప్రభృతులు ‘సైన్స్’ పత్రికలో శవపరీక్ష జరిపి, 2011 ఆగస్టునుండి లెక్కించిన 108 వారములలో 100 వారములు ఆ సాధనము ఎక్కువ చెప్పినదని తేల్చిరి. వారు ఎత్తిచూపిన కారణములలో ఒకటి మిక్కిలి సూక్ష్మమైనది. గూగుల్ తన శోధనాయంత్రమును నిరంతరము మార్చుచుండెను. ఒకడు ‘జ్వరము’ అని వెదకగా, సంబంధించిన మరికొన్ని శోధనలను తానే సూచింపసాగెను. సూచింపబడినదానిని జనులు నొక్కిరి. ఆ నొక్కులు మరల లెక్కలోనికి వచ్చెను. జనుల మనస్సును కొలుచు కొలకోల తానే ఆ మనస్సును కదలించుచున్నదన్నమాట. అంతకంటె సిగ్గుకరమైన సంగతి, వ్యాధినియంత్రణ కేంద్రపు రెండు మూడు వారముల పాత లెక్కను పట్టుకొని ముందునకు పొడిగించినను ఇంతకంటె మేలైన అంచనా దొరకెడిదని వారు చూపుట. రెంటిని కలిపినచో ఫలితము ఇంకను మెరుగు. 2015 ఆగస్టులో ఆ సాధనపు ప్రకటనలు నిలిపివేయబడెను.

ఇదే పరీక్షను అంతకుముందే, 2010లో, యాహూ పరిశోధకులు శరద్ గోయల్, డంకన్ వాట్స్ ప్రభృతులు వినియోగదారుల విషయమున చేసియుండిరి. సినిమాల మొదటి వారాంతపు వసూళ్లు, వీడియోగేముల మొదటినెల అమ్మకములు, పాటల జనాదరణ వరుస, ఇవి ముందటి శోధనలనుబట్టి ఎంతవరకు చెప్పవచ్చునని వారి ప్రశ్న. చాలవరకు చెప్పవచ్చునని తేలెను. ఐనను వారు అక్కడితో తృప్తిపడక, శోధనలు లేకున్నను లభించు సామాన్య సమాచారముతో, అనగా సినిమాకైన వ్యయము, ప్రదర్శింపబడు తెరల సంఖ్య మున్నగువానితో కట్టిన సూత్రము ఎంత చెప్పునో పోల్చిచూచిరి. శోధనలవలన కలిగిన అదనపు లాభము కొన్నిచోట్ల స్వల్పముగను, కొన్నిచోట్ల అధికముగను ఉండెను. వేరు ఆధారము లేనిచోట శోధన విలువైనది. ఉన్నచోట అది తోడు మాత్రమే. ఏ పంపిణీదారునినైనను అడిగిచూడుడు. పెద్దహీరో సినిమా మొదటివారము ఎట్లుండునో చెప్పుటకు అతనికి గూగుల్ అక్కరలేదు.

ఇక అసలు చిక్కునకు వత్తము. క్రొత్త వస్తువు జనులలో ఎట్లు వ్యాపించునను విషయమున ఆధునిక పరిశోధనకు పునాది వేసినది 1943లో రయాన్, గ్రాస్ అను ఇద్దరు సామాజికశాస్త్రజ్ఞులు అమెరికాలోని అయోవా రాష్ట్రమున సంకరజాతి మొక్కజొన్న విత్తనములను గూర్చి ప్రకటించిన అధ్యయనము. రైతులలో అనేకులు ఆ విత్తనమును గూర్చి మొదట వినినది అమ్మకపువాని నోట. దానిని నమ్మి వేసినది మాత్రము పొరుగురైతు చేను చూచిన తరువాత. విన్ననాటికిని వేసిననాటికిని నడుమ సంవత్సరములు గడచెను. ఎవరెట్ రోజర్స్ 1962లో దీనిని విస్తరించి సిద్ధాంతముగా కట్టెను. మొదట సాహసించువారు నూటికి 2.5 మంది మాత్రమేనని ఆయన విభాగము. 1969లో ఫ్రాంక్ బాస్ దీనికి గణితరూపమిచ్చి, స్వయముగా సాహసించువారి వేగమును, ఇతరులను చూచి అనుసరించువారి వేగమును వేరుపరచి, మెల్లగా మొదలై, వడిగా ఎగసి, పిదప చదునైపోవు ఆ వంకరరేఖను సమీకరణముచేత చూపెను. రేఖ చదునైన తరువాత దానిని చూచి గుర్తించుట పసివానికిని తెలియును. అది ఎగయుట మొదలిడిన తొలివారములలో, చిరకాలము నిలుచు అలవాటును, నాలుగు వారములలో ఆరిపోవు మోజును రేఖ ఆకారముచేత వేరుచేయుట గణితమునకు దాదాపు అసాధ్యము. 2017 ఏప్రిల్, మే నెలలలో వ్రేళ్లనడుమ త్రిప్పు ‘ఫిడ్జెట్ స్పిన్నర్’ అను ఆటవస్తువుకై లోకమంతయు వెర్రెత్తినట్లు వెదకినది. ఆ శిఖరమును చూచి సరుకు తెప్పించిన చిల్లరవర్తకులు, సరుకు చేరుసరికి బడిపిల్లలు దానిని మరచిపోవుటను కన్నులార చూచిరి. పైగా, గూగుల్ తన పట్టికలలో 5000 శాతమునకు మించి పెరిగిన శోధనను ‘బ్రేకౌట్’ అని ప్రత్యేకముగా గుర్తించును; నిన్న పదిమంది అడిగినదానిని నేడు ఆరువందలమంది అడిగినను ఆ పదవి దక్కును.

ఈ చీకటిలో కొంత వెలుతురు రేఖ ఎత్తునుండి కాక, ప్రశ్నల స్వభావమునుండి వచ్చునని నేననుకొందును. తెలుగునాట చిరుధాన్యముల కథను తీసికొందము. మన తాతల కాలమున నిత్యాహారమై, వరిబియ్యపు వైభవములో మూలబడిన కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు ఈ పదిపదునైదేండ్లలో మరల నోటబడినవి. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్త్రీలు చిరకాలముగా చేసిన కృషియు, చిరుధాన్యములను గూర్చి ఖాదర్ వలీగారి ఉపన్యాసములును, రాజేంద్రనగరులోని చిరుధాన్యముల పరిశోధనాసంస్థ పనియు, ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించుటయు దీనికి తలా ఒక చేయి వేసినవి. ఇట్టి వస్తువును గూర్చి మొదట పుట్టు ప్రశ్న "అరికెలు అంటే ఏమిటి" యని. అది కుతూహలము మాత్రమే. టెలివిజనులో ఎవరో చెప్పగా విని అడిగినది. రెండవ మెట్టున "అరికెలు తింటే షుగరు తగ్గునా" యను ప్రశ్న వచ్చును, ఇది కోరిక. మూడవ మెట్టున "అరికెల అన్నము ముద్దకాకుండ ఎట్లు వండవలెను, ఎంతసేపు నానబెట్టవలెను" అను ప్రశ్న. దీనిని అడిగినవాని ఇంట అరికెలు అప్పటికే చేరియున్నవి! నాలుగవది, "కిలో ధర ఎంత, దగ్గరలో ఎక్కడ దొరకును" అని. మొదటి ప్రశ్న ఆకాశమంటుచు మూడవది, నాలుగవది నేలమీదనే యున్నచో అది మోజు. మొదటి ప్రశ్న తగ్గుచు, మూడవది నిలకడగా పెరుగుచున్నచో, రేఖ మొత్తముమీద దిగుచున్నట్లు కనబడినను, అలవాటు వేళ్లూనుచున్నదని అర్థము. అందరును పేరు ఎరిగిన తరువాత అది ఏమిటని అడుగువాడుండడు గదా.

తెలుగువారి ప్రశ్నలను లెక్కించుటలో ప్రత్యేకమైన యొక కష్టము కలదు. కొర్రలనే ఒకరు తెలుగు లిపిలో వెదకుదురు, మరియొకరు ఇంగ్లీషు పేరుతో ‘ఫాక్స్‌టెయిల్ మిల్లెట్’ అని వెదకుదురు, చాలమంది తెలుగుమాటనే ఇంగ్లీషు అక్షరములలో, ఒకరు ఒక ‘ఆర్’తో, ఒకరు రెండింటితో, తోచినట్లు వ్రాయుదురు, ఇంక వ్రాత రానివారు, వచ్చినను ఓపిక లేనివారు నోటితోనే అడుగుదురు. ఈ పాయలన్నింటిని కలిపి లెక్కించినగాని ఏరు ఎంతయో తెలియదు. గూగుల్ ఒక విషయమునకు సంబంధించిన వేర్వేరు భాషల మాటలను ఒక్కచోట చేర్చు ఏర్పాటు చేసినది గాని, మన ఇంటింటి వర్ణక్రమములన్నియు అందు చేరియుండునని నమ్మకము లేదు. చెన్నపట్నమునుండియో ముంబయినుండియో ఇంగ్లీషుమాట నొక్కదానినే వెదకి, తెలుగుదేశమున కొర్రలకు గిరాకీ లేదని నిర్ణయించు సంస్థ, కామారెడ్డి సంతలో ఒక పూట నిలుచుండి చూచిన చాలును.

మరియొక మాట చెప్పక విడువరాదు. 2006 ఆగస్టులో ఏఓఎల్ అను సంస్థ పరిశోధకులకు ఉపకరించునను సదుద్దేశముతో, సుమారు 6,50,000 మంది వినియోగదారుల 2 కోట్ల శోధనలను పేర్లు తొలగించి, అంకెలు తగిలించి బయటపెట్టెను. కొలదిదినములలోనే ‘న్యూయార్క్ టైమ్స్’ విలేఖరులు ఒక అంకె వెనుకనున్న వృద్ధురాలిని, ఆమె వెదకిన ఊరిపేర్లు, ఇంటిపేర్లు, రోగములు కలిపి చదివి, ఇంటి తలుపు తట్టగలిగిరి. సంస్థ క్షమాపణ చెప్పికొని ఆ రాశిని తీసివేసెను. అప్పటికే అది లోకమంతట ప్రతులుగా వ్యాపించియుండెను. గూగుల్ ట్రెండ్స్ వ్యక్తులను చూపక మొత్తపు వంతులను మాత్రమే చూపుటయు, మిక్కిలి కొద్దిమంది వెదకినవానిని మరుగుపరచుటయు గమనింపదగినవి. పరిశోధకునికి కొంత లోటైనను, అది ఉండవలసిన లోటే.

చివరగా పసుపు. 2016లో గూగుల్ సంస్థ అమెరికనుల ఆహారసంబంధమైన శోధనలను పరిశీలించి ఒక నివేదిక ప్రకటించెను. 2014 జనవరినుండి 2016 ఫిబ్రవరివరకు నెలనెలా లెక్కలు తీసి, ఋతుభేదమును తొలగించి, సంవత్సరపు పెరుగుదలను, దాని వేగమును, ఆ వేగము హెచ్చుచున్నదా తగ్గుచున్నదా యనుదానిని కొలిచి, నిలకడగా పెరుగునవి, ఋతువునుబట్టి పెరుగునవి, హఠాత్తుగా ఎగసినవి, అట్లే తగ్గునవి అని ఆరు తెగలుగా విభజించిరి. పెరుగువానిలో పసుపు కలదు. 2015 నవంబరునుండి 2016 జనవరిలోపల దానిని గూర్చిన శోధనలు 56 శాతము హెచ్చినవి. మన అవ్వలు జలుబుచేసిన పిల్లలకు పట్టిన పసుపుపాలు అక్కడి కాఫీశాలలలో బంగారువన్నె లాటేయై వెలసినది. ఈ అంచనా తప్పు కాలేదు; పసుపు అక్కడ మోజుగా ఆరిపోక, గుళికలరూపమునను, పానీయములరూపమునను నిలిచినది. శోధనాశాస్త్రమునకు ఇది ఒక విజయమనియే ఒప్పుకొనవలెను.

ఐనను, ప్రపంచపు పసుపులో నూటికి డెబ్బదివంతులకు పైగా పండించు ఈ దేశములో, పసుపుబేరమునకు పెట్టినపేరైన నిజామాబాదులో, ఆ విజయమునకు మూడేండ్లపిమ్మట ఏమి జరిగినది? 2019 లోకసభ ఎన్నికలలో పసుపునకును ఎర్రజొన్నకును గిట్టుబాటుధర కావలెనని, పసుపుబోర్డు కావలెనని రైతులు గుంపుగా నామినేషనులు వేయగా, ఆ ఒక్క నియోజకవర్గమున 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో 170 మందికి పైగా రైతులే. అమెరికాలో రేఖ ఎగయుచుండగా నిజామాబాదు జిల్లా ఆర్మూరులో ధర పడియుండుటకు కారణములు రహస్యములు కావు. మన పసుపులో ఎగుమతి యగునది స్వల్పభాగము. ధరను నిర్ణయించునది ముఖ్యముగా మన వంటయిండ్ల గిరాకీయు, గోదాములలోను శీతలగిడ్డంగులలోను నిలువయున్న పాతపంటయును. జూన్‌లో విత్తు నాటినచో ఎనిమిది తొమ్మిది నెలలకుగాని పంట చేతికి రాదు. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టినగాని సంతకు పోదు. ధర బాగున్న ఏట అందరును నాటుదురు, పంట వచ్చువేళకు ధర పడును, మరుసటి ఏడు మానుదురు, ధర లేచును. ఇట్టి ఊగిసలాటను అర్థశాస్త్రజ్ఞులు 1930ల నాటినుండియు ఎరుగుదురు. శోధనాసంఖ్యలు దీనిని తగ్గింపకపోగా, అందరికిని ఒకే వార్త ఒకేసారి అందించి పెంచినను పెంచవచ్చును.

అంతేకాక, అమెరికనుడు వెదకిన పసుపును మనము అమ్ము పసుపును పేరు ఒకటైనను సరుకు ఒకటి కాదు. గుళికలు చేయువానికి కావలసినది పసుపులోని కర్క్యుమిను అను పదార్థము. అది ఎక్కువగా నుండు మేఘాలయలోని లకడాంగ్ రకమునకు అతడు పోవును. రంగు, కొమ్ము పొడవు, మెరుగు చూచి ధరకట్టు మన మార్కెట్టు యార్డులో కర్క్యుమిను శాతమును అడుగువాడు మొన్నటివరకు అరుదు. 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపుబోర్డు ప్రారంభమైనది. దానిలో శోధనల లెక్కలు చూచుటకు ఎవరినైనను నియమించినచో, వారు ‘పసుపు’ అను ఒక్కమాట రేఖను కాక, గుళికలను అడుగువారెందరు, వేరును అడుగువారెందరు, పొడిలో కల్తీని గూర్చి అడుగువారెందరు, ఆ అడుగుచున్నవారు ఏ దేశమున నున్నారు అని విడదీసి చూడవలసియుండును. ఆ పట్టికను జూన్ నాట్లకు ముందే, ప్రక్కన గిడ్డంగుల నిలువలెక్కతో కలిపి, తెలుగులో అచ్చువేసి యార్డు గోడకు అంటింపవలసియుండును.